ఖాళీ అని రాసిన పీరియడ్

బడుల తనిఖీ అధికారిగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన, డెబ్బై నాలుగేళ్ళ వయసు గల నేను, నా భార్యకూ, కూతురికీ, ఇందులో పేర్కొన్న మిగతావారికీ తెలిసేలా నా ఇష్టప్రకారం రాయిస్తున్న చివరి వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. డాక్టరు నిన్ననే చూసి, గుండె సంగతి చెప్పలేనుగానీ తల మాత్రం భేషుగ్గా ఉందన్నాడు. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేసే హక్కున్న మనిషి ఒకావిడ మూడుసార్లు మా ఇంటికి వచ్చింది, మూడుసార్లూ వాకిట్లోంచే వెళ్ళిపోయింది. ఇంతకుముందు రాసిన వీలునామా చెల్లదు. అందులో నా గురించి నేనే బోలెడు గొప్పలు రాసుకున్నాను.

1. నేను ఉంటున్న ఇల్లు, వెనక వరండా, పై గది సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. వీధి వైపు గదిని మాత్రం అయిదో అంశంలో చెప్పినట్టు వాడుకోనివ్వాలి. ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, "ఇన్నాళ్ళకి ఆ గదికో పని దొరికింది" అంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ చేత నేను ఒక్క అబద్ధం ఆడించాను. దానికి ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

2. నాన్నగారి రేడియో నా తమ్ముడికి. అది నా దగ్గర ఉండిపోయిందని వాడు ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ దెప్పుతాడు. వాడన్నది నిజమే. చిన్నప్పుడు వాడు పాటలు పెట్టుకుంటే నేను వచ్చి వార్తలకు తిప్పేసేవాణ్ణి. ముల్లు ఇప్పటికీ వార్తల దగ్గరే ఆగి ఉంది. ఇక వాడి ఇష్టం వచ్చిన చోటికి తిప్పుకోమనండి.

3. నా తనిఖీ డైరీలు, మొత్తం ముప్పై ఒకటి, నా కూతురికి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తనదే. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే మనిషి, రెండోసారి చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. అమ్మా, ఆ అలవాటు నీకు నా నుంచి రాలేదు. ఇరవై తొమ్మిదో డైరీ తీసి, ఫిబ్రవరిలో మడత పెట్టిన పేజీ చూడు.

అది రేకుల షాపుల వరస మీద, రెండో అంతస్తులో ఉన్న బడి. కింద రోజంతా రేకులు కోస్తుంటారు, పైన పాఠాలు నడుస్తుంటాయి. మూటలు మోసేవాళ్ళ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు చదువుకునే చోటు. టైంటేబుల్లో నాలుగో పీరియడ్ సంగీతం. తలుపు దగ్గర నిలబడి చూశాను. నలభైమంది పిల్లలు నేల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. సంగీతం పంతులమ్మ కూడా కళ్ళు మూసుకుంది. పాట లేదు, శ్రుతిపెట్టె లేదు, నోరు మెదిపినవాడు లేడు. సంగీతానికి పరీక్ష ఉండదు, దిద్దే పేపర్లుండవు కాబట్టి టీచర్ల గదిలో దాన్ని అందరూ ఖాళీ పీరియడ్ అనేవారు. నేనూ అనేవాణ్ణి. అదే మాట రిపోర్టులో ఎక్కించాను: పీరియడ్ ఖాళీ. సంతకం పెట్టి మెట్లు దిగడం మొదలుపెట్టాను.

మూడో మెట్టు మీద ఉండగా వెనక ఒక చప్పట వినిపించింది. నలభైమంది కొట్టారు, ఒక్కటే చప్పుడు. ముందూ లేదు, వెనకా లేదు. లోపల ఏదో పాఠం జరుగుతోందని నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసీ వెనక్కి తిరగలేదు. రాసింది కొట్టేస్తే పక్కన పొట్టి సంతకం పెట్టి కారణం రాయాలి. నా కాగితాల్లో కొట్టివేత అన్నదే లేదని ఆఫీసంతా చెప్పుకునేవారు. టీచర్లు చాటుగా నన్ను ఎర్ర సిరా అని పిలిచేవారు, అదీ నాకు పొగడ్తలాగే వినిపించేది. ఇంతకుమించి కారణం ఏమీ లేదమ్మా. పెద్ద కారణం ఏదైనా ఉంటే ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

ఆ ఒక్క మాట పట్టుకుని పైవాళ్ళు ఆ బడిలోనే కాక, ఆ చుట్టుపక్కల పదకొండు బడుల్లో సంగీతం ఎత్తేశారు. పంతులమ్మను స్టోరు గదిలో చాక్‌పీసు డబ్బాలు లెక్కపెట్టే పనిలో కూర్చోబెట్టారు. ఆ రోజు నాకు టీ ఇచ్చి, "ఆ పీరియడ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే సార్" అన్న హెడ్మాస్టరుకు నేనేమీ రాయడం లేదు. తప్పంతా ఆయన మీదకి తోసేసి చాలా ఏళ్ళు హాయిగా నిద్రపోయాను. ఆ విధంగా ఆయనకు నేనే బాకీ పడ్డాను.

4. నా చేతి గడియారం మనవరాలికి. రెండేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం ఆ పిల్లను వయొలిన్ క్లాసుకి తీసుకెళ్ళి, బయట బెంచీ మీద కూర్చుంటున్నాను. మొదటి వారమే లోపల చాలాసేపు చప్పుడు వినిపించలేదు. కిటికీలోంచి చూస్తే పిల్లలు కళ్ళు మూసుకుని ఉన్నారు. వచ్చేటప్పుడు, నిద్రపోయారా అమ్మా అని అడిగాను. "కాదు తాతయ్యా, తాళం లోపల్లోపలే లెక్కపెట్టుకోవాలి. ఎనిమిదో లెక్కకి అందరి చప్పట ఒక్కసారే పడాలి. అదే అన్నిటికన్నా కష్టం, తెలుసా?" అంది. రేకులు కోసే చప్పుడులో కూర్చుని ఆ పిల్లలు అంత కష్టమైనది సాధించారు. నేనేమో నా మనవరాలికి సంగీతం కొనిపెట్టి, వాళ్ళకున్నది పీకేశాను. బంగారుతల్లీ, ఇందులో నీ తప్పేమీ లేదు. నువ్వు వాయించు.

5. వీధి వైపు గది, చాపలు, ఫ్యానుతో సహా, ఆ బడి పిల్లల సంగీతానికి. పంతులమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం, షాపులు మూసి ఉన్నప్పుడు, బడి మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పుతోంది. వానొస్తే క్లాసు లేదు. బడిలో సంగీతం తిరిగి వచ్చేదాకా ఈ గది వాళ్ళది, ఆ తర్వాత కూడా కావాలంటే వాళ్ళదే. షరతు ఒక్కటి. ఎవరూ తలుపు దగ్గర నిలబడి తొంగిచూడకూడదు. చూడాలనుకున్నవాళ్ళు లోపలికి వచ్చి చివరిదాకా కూర్చోవాలి.

ఈ గది ఇచ్చి చేతులు దులుపుకుంటున్నానని అనుకోవద్దు. రెండేళ్ళ కిందట పిల్లల అమ్మానాన్నలు సంగీతం మళ్ళీ పెట్టమని అర్జీ ఇచ్చారు. ఖాళీ అని రికార్డులో ఉంది, రాసిన అధికారి స్వయంగా సవరిస్తే ఆలోచిస్తామని ఆఫీసు జవాబిచ్చింది. అర్జీలో మొదటి సంతకం మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడది. నా చొక్కాలు నా చేతికిస్తూ, "సార్, మీరు ఆ ఆఫీసులోనే చేశారంట కదా. ఆ రాసినాయన ఎవరో కాస్త కనుక్కుంటారా? మా పాపకి పాటంటే ప్రాణం" అంది. కనుక్కుంటానన్నాను. అప్పటినుంచి చొక్కాలు నా భార్యను తెమ్మంటున్నాను.

రాసింది ఎవరో పంతులమ్మకు తెలుసు. మొదటి రెండుసార్లు వచ్చినప్పుడు పడుకున్నానని చెప్పించాను. అప్పుడు నిజంగానే పడుకున్నాను, ఆవిడ గొంతు వినగానే. మూడోసారి వెనక వరండాలో నక్కి, ఇంట్లో లేనని నా భార్య చేత చెప్పించాను. వాకిట్లో నా చెప్పులున్నాయి. పంతులమ్మ వాటిని చూసి, "పర్లేదమ్మా, చెప్పుల్లేకుండా ఎంత దూరం వెళ్తారు? వచ్చాక చెప్పండి" అని వెళ్ళిపోయింది. నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

6. ఇరవై తొమ్మిదో డైరీలో ఒక కవరు ఉంది. నేను పోయాక నెలలోపు నా కూతురు దాన్ని ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. అందులో ఇలా ఉంది: ఆ పీరియడ్ ఖాళీ కాదు, పాఠం జరుగుతోంది, నేను సరిగా చూడకుండా రాశాను, తప్పు నాది.

7. ఈ అంశం ఈ రోజు, ప్లీడరు పైవన్నీ చదివి వినిపించాక చేర్చింది. సాక్షి సంతకానికి పంతులమ్మను పిలిపించాను. ఆవిడకు నా రాతబల్ల ఇవ్వాలనుకున్నాను. సాక్షికి ఆస్తి ఏమీ రాయకూడదని ప్లీడరు అడ్డుపడ్డాడు. "బల్ల వద్దులెండి, సంతకమే పెడతాను" అంది. ఆరో అంశం చదవడం అయ్యాక, ఇది ఎప్పటినుంచి అమలవుతుందని అడిగింది. సారు పోయాక అన్నాడు ప్లీడరు. ఆవిడ నావైపు తిరిగింది.

"మరి మీరు నిండు నూరేళ్ళు బతకాలని మేం కోరుకోవాలా, వద్దా సార్?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా భార్య నావైపు చూసింది, ప్లీడరు కలం మూత బిగించడం మొదలుపెట్టాడు. ఆ కవరు రాసి తప్పు ఒప్పుకున్నాననే ఇన్నాళ్ళూ నన్ను నేను మెచ్చుకుంటున్నాను. ఒప్పుకునే రోజున నా మొహం ఎవరికీ కనబడకుండా ఏర్పాటు చేసుకున్నానని ఆవిడ అడిగేదాకా నాకు తట్టలేదు. ఈ ఏడు అయిదో తరగతి చదువుతున్న పిల్లలు వచ్చే ఏడు ఆ బడిలో ఉండరు.

కనుక ఆరో అంశం రద్దు చేస్తున్నాను. సోమవారం పదింటికి కవరు తీసుకుని నేనే ఆఫీసుకు వెళ్తున్నాను. ఇస్త్రీ ఆవిడను కూడా తోడు రమ్మని ఇప్పుడే కబురు పంపాను. రాసినాయన ఎవరో దారిలో ఆవిడకు నేనే చెబుతాను.

చదివించుకుని, విని, తెలుసుకుని సంతకం చేశాను.

జులై పదిహేడు, శుక్రవారం, మధ్యాహ్నం.

(సంతకం) తనిఖీ అధికారి, రిటైర్డ్

సాక్షులు:
1. ఎదురింటి దర్జీ
2. సంగీతం పంతులమ్మ