డీ డ్రైవ్ సంగతి నాకొక్కడికే తెలుసు

2013 నవంబర్ 3, ఆదివారం
ఆరాధన అయ్యాక అయ్యగారు అందరి ముందూ ప్రకటించారు. చర్చి కంప్యూటర్‌కి వైరస్ ఎక్కువైందట, వచ్చే ఆదివారం అనిల్ విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిస్తాడట. తొమ్మిదేళ్ళుగా ఆ కంప్యూటర్ చూసుకుంటున్నది నేను. క్వైర్ బృందం పాడిన పాటలన్నీ రికార్డు చేసింది నేను. నా పేరు ఎత్తలేదు. అనిల్ విశాఖలో చదువు ముగించి బొబ్బిలి వచ్చి ఆరు నెలలు కాలేదు... కుళ్ళుగా ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకోను?

నవంబర్ 5
అమ్మ కూడా వాణ్ణే మెచ్చుకుంటోంది, అన్నం వడ్డిస్తూ. సగం అన్నం వదిలేసి లేచాను.

నవంబర్ 7
అనిల్ కాగితం మీద వాటాలు వేసుకొచ్చాడు. నూట అరవై జీబీ డిస్కు. సిస్టమ్‌కి ఇరవై, మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి రెండు, మిగతాదంతా ఫైళ్ళకి. ఇరవై సరిపోతుందని నాకు తెలుసు. అయినా చాలదన్నాను. "నువ్వన్నావంటే చాలదులే అన్నా" అని ముప్పై చేశాడు. ఒళ్ళు మండిపోయింది. కనీసం వాదించినా బాగుండేది.

నవంబర్ 9, శనివారం
సీ డ్రైవ్‌లో ఉన్న ఉత్తరాలు, సభ్యుల జాబితా అనిల్ తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. డీ తెరిచి చూశాడు — ఖాళీ. ఖాళీ కాదు. వైరస్‌కి భయపడి క్వైర్ పాటలన్నీ అక్కడ కనిపించని ఫోల్డర్‌లో పెట్టింది నేనే. గొంతు ఆపరేషన్ కాకముందు అమ్మ పాడినవీ అందులోనే. ఇంకెక్కడా లేవు. సీడీ చేయించాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను.

"ఇంకేటైనా ఉన్నాదా అన్నా?" అని అడిగాడు.

"సదువుకున్నోడివి, నువ్వే సూసుకో."

రేపు సరిగ్గా మీట నొక్కబోయే ముందు, అయ్యగారి ముందే, ఆగమంటాను. ఎవరికెంత తెలుసో అందరూ చూస్తారు.

నవంబర్ 10, ఆదివారం
రాయలేను.

నవంబర్ 11
రాస్తాను. వాటాలన్నీ వేసి, డీని కూడా చెరిపి ఫైళ్ళకి ఇచ్చాడు. 'మార్పులు డిస్కు మీద రాయమంటారా' అని తెర అడుగుతోంది. నోరు తెరిచాను. అప్పుడే అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. కొత్త బండి కొన్నా, కొత్త ఫ్యాను బిగించినా చెయ్యి పెట్టి ప్రార్థించడం ఆయనకు అలవాటు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఆయన అరచెయ్యి కీబోర్డు మీద ఉంది, మీట నొక్కుకుపోయింది. తెర మీద పని ఎంతయిందో చూపే గీత సగం నిండిపోయింది. ప్రార్థన మధ్యలో ఆపాలంటే ఆపగలిగేవాణ్ణి — కానీ నేనూ కళ్ళు మూసుకునే ఉన్నాను.

అప్పుడు చెప్పాను. పాటలు డీలో ఉన్నాయని. ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

నవంబర్ 14
అనిల్ మూడు రోజులుగా చర్చి ఆఫీసులోనే. ఏదో సాఫ్ట్‌వేర్‌తో వెతుకుతున్నాడు. ముక్కలు దొరికాయి, ఏవీ పాడడం లేదు. అయ్యగారు తన చెయ్యి వల్లే అంటున్నారు, అనిలేమో కాదు, తన తప్పే అంటున్నాడు. క్వైర్‌లో ఎవరూ వాడితో సరిగ్గా మాట్లాడడం లేదు. ఇదే కదా నేను కోరుకున్నది.

నవంబర్ 16
అనిల్ మా ఇంటికొచ్చాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. అమ్మ వాడి తల నిమిరింది. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు పైకి రాదు — "పోన్లే నాయినా" అన్నది కూడా సరిగ్గా వినపడలేదు.

వాడు వెళ్ళాక నావైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉన్నావు గదరా. సూడలేదేటి?"

నీళ్ళ బిందె తెస్తానని బయటికి వచ్చేశాను. బిందె నిండుగానే ఉంది.

నవంబర్ 17, ఆదివారం
కంప్యూటర్ మళ్ళీ నాకే అప్పగించారు. పాటలు వెతకడానికని పని మధ్యలో ఆపేశారు గనక డిస్కు మొదటి నుంచీ చెయ్యాలి. సైజులు నన్నే చెప్పమన్నాడు అనిల్, కాగితం, పెన్నూ చేతికిచ్చి. సిస్టమ్‌కి ఇరవై రాశాను, వాడు ముందు అన్నట్టే. పాటలకు వంద ఇచ్చాను. పెట్టడానికి ఒక్క పాట లేదు.

అమ్మ మళ్ళీ అడగలేదు. నేను ఇంట్లోకి వచ్చినప్పుడల్లా తలెత్తి చూస్తోంది...