గోనెగండ్ల సంబంధం

ఆదోని,
6 మార్చి 1955

బావా,

ఈరోజు ఆదివారం. ఎప్పటిలాగే ఎమ్మిగనూరు బస్సు కోసం చూశాను. నువ్వు దిగలేదు. నువ్వు నూలు కొట్టు వదల్లేవు, నేను ఈ ఆస్పత్రి వదల్లేను, మనది ఆదివారాల కాపురం. ఆ ఒక్క రోజు కూడా ఎందుకు రాలేదో నాకు తెలుసు.

శుక్రవారం అత్త వచ్చింది. వెంట ఒక పిల్లను తెచ్చింది. రోగులంతా వెళ్ళేదాకా ఓపిగ్గా కూర్చుని, తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“నీలమ్మా, ఈ పాప తిమ్మక్క. గోనెగండ్ల పుల్లన్న కూతురు. మావోనికి సేసుకుందామని. ఒకతూరి ఒళ్ళు సూడు. గట్టిపిల్లేనా, కడుపు పండుతాదా అని. నీ సెయ్యి మీద నాకు నమ్మకముండాది.”

ఆమె కళ్ళలో కుళ్ళు లేదు బావా. సొంత అన్న కూతురినని ఇన్నాళ్ళూ ఆగింది. రెండో పెళ్ళి చట్టం ఒప్పుకోదు కదత్తా అంటే, “గుళ్ళో తాళి కడితే ఎవరడుగుతారే?” అంది. బావ ఏమన్నాడని అడిగాను. “వాడు వద్దనలేదు” అంది.

ఆ మాట విన్నాక కూడా నేను ఆ పిల్లను చూశాను. ఎవరొచ్చినా ఎలా చూస్తానో అలాగే. రెప్ప తిప్పితే తెల్లగా ఉంది, రక్తం లేదు. ఏం తింటావు, ఎంతసేపు నిద్రపోతావు, మనసులో ఏం దిగులుందని అడిగాను. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటుందట. సీసా మందు ఇవ్వకుండా ఆకుకూర, బెల్లం, శెనక్కాయలు చెప్పాను. అత్త బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఆ పిల్ల నా దగ్గరగా వచ్చి, “అక్కా, నాకీ పెండ్లి ఇష్టంల్యా. సెప్తే మా నాయన ఇనల్యా” అంది.

ఇక ఈ మాట దాచలేను. మూడేళ్ళ కిందట మద్రాసులో మనిద్దరం పరీక్షలు చేయించుకున్నాం. లోపం నాలోనే ఉందని నీకు చెప్పాను. అది అబద్ధం. పదిహేడో ఏట నీకు గవదబిళ్ళలు వచ్చి మంచం పట్టావు కదా, ఆ జబ్బు వల్ల నీకు బిడ్డలు కలగరని పెద్ద డాక్టరు నాతో చెప్పాడు. గదిలోంచి బయటికి వచ్చేసరికి నువ్వు వరండాలో ఎదురుచూస్తూ నిలబడి ఉన్నావు. నన్ను డాక్టరు చదువుకు పంపమని మా నాయనతో పోట్లాడిన మనిషివి. నీ తల వంగడం చూడలేక నా నోట్లోంచి ఆ అబద్ధం వచ్చేసింది.

పిల్లలు లేరని నా దగ్గరికి ఏ ఆడమనిషి ఒంటరిగా వచ్చినా, మొగుణ్ణి తీసుకుని రమ్మంటాను. జబ్బు ఒకరిదైనా బరువు ఇంటిల్లిపాదిదీ, ఇంటిని చూడకుండా మనిషికి వైద్యం చెయ్యలేనంటాను. నా ఇంట్లో మాత్రం ఆ బరువు నేనొక్కదాన్నే మోశాను. ఏ తల్లికి ఈ చేతులతో పురుడు పోశానో, ఆమె బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున ఈ చేతులే పనికిరాలేదు. అదీ ఓర్చుకున్నాను. కానీ రేపు తిమ్మక్కను కూడా గొడ్రాలని ఇదే బల్ల ముందుకు తెస్తారు. అప్పుడు నేనేం మందు రాయను?

ఈ పెళ్ళి నువ్వే ఆపు. లేకపోతే నేనే గోనెగండ్ల పోయి పుల్లన్నకు నిజం చెప్తాను. అంతదాకా రానివ్వకు బావా.

నీ
నీలమ్మ


ఆదోని,
16 మార్చి 1955

బావకు,

ఉత్తరం అందగానే వస్తావనుకున్నాను. బస్సు ఆగిన చప్పుడు వినిపించినప్పుడల్లా పని వదిలి గుమ్మంలోకి వెళ్ళాను. నిన్న అత్త దిగింది.

కూర్చోమన్నా కూర్చోలేదు. నా మొహమే చూస్తూ నిలబడింది.

“నీ జాబు సదివి వాడు ఏడ్సినాడు. ఏందిరా అంటే అంతా సెప్పినాడు. నేనే గోనెగండ్లకు పోయి పెండ్లి వద్దని సెప్పొచ్చినా. లోపం మావోనిదే అని గూడా సెప్పినా.”

నాకు ఊపిరి ఆడింది. నువ్వెలా ఉన్నావని అడగబోయాను. అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇంకోటుండాదే. ఆ సంగతి వానికి ముందే తెలుసంట. ఆ మద్రాసు డాక్టరు నీకన్నా ముందు వానికే సెప్పినాడంట.”

“మరి లోపం నాదేనని నేను చెప్పినప్పుడు?” అన్నాను.

“ఊరకుండిపోయినాడు” అంది అత్త.

ఆ రోజు వరండాలో నువ్వు నా తల నిమిరావు. “పోనీలే నీలా, నాకు నువ్వుంటే చాలు” అన్నావు. మూడేళ్ళు ఆ మాట పట్టుకునే బతికాను. ఎవరేమన్నా దాన్ని తలుచుకుని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోను? మన ఇంటికి వచ్చినప్పుడు చుట్టాలు నన్ను గొడ్రాలని అన్న ప్రతిసారీ నువ్వు పక్కగదిలోనే ఉన్నావు. తెలిసి ఉన్నావు. చివరికి ఇంకొక పిల్లను తెస్తామంటే కూడా తెలిసే ఊరకున్నావు.

“మొగం సూపియ్యల్యాక వాడు రాలేదు. నువ్వొస్తే కాళ్ళమీద పడతాడు, రా తల్లీ” అంది అత్త. రానన్నాను. బిడ్డలు లేని ఇంట్లో నేను సంతోషంగా బతకగలిగేదాన్ని బావా. నీ పక్కన కూర్చుని అన్నం తినడం ఇక నా వల్ల కాదు.

అత్త తిరుగు బస్సెక్కలేదు. వంటింట్లోకి పోయి పొయ్యి రాజేసి, రొట్టెలు తడుతూ తడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “వానికి నేనుండా అనుకుంటిని గానీ, నీకెవురుండారని ఒకనాడన్నా అనుకుంటినా?” అంది. ఇక ఇక్కడే ఉంటుందట. సరేనన్నాను.

ఆమె చీరలూ, మోకాళ్ళకు రాసుకునే తైలం సీసా ఎవరి చేతనైనా పంపు. నువ్వు మాత్రం తీసుకురావద్దు.

నీలమ్మ