నేను చేర్చిన ఒక్క ‘క’

యాభై నాలుగేళ్లు నిండిన పత్రికా సంపాదకుడినైన నేను, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా చిత్తం ఎప్పుడు స్థిరంగా ఉందో చూపించమని మా ఆవిడ అడుగుతోంది. ఆ వివాదం ఈ దస్తావేజు పరిధిలోకి రాదు.

1. నా పుస్తకాలపై సర్వహక్కులు మా ఆవిడవి. ఇన్నాళ్లూ బూజు దులిపింది ఆవిడే. నేను రాసినవి మాత్రం పాతకాగితాలవాడు కూడా తీసుకోడు, బతిమాలొద్దు.

2. మా కార్మిక నాయకుడి స్మారక సంఘం అధ్యక్షుడికి నా కళ్లజోడు. మా నాయకుడు నా భుజం దాకా వచ్చేవాడు. ఈ అధ్యక్షుడు ఆయనకి ఎనిమిదడుగుల విగ్రహం పోయించాడు. వారానికో సెలవు కోసం సమ్మె చేయించి, జైలు ఆసుపత్రిలో పోయాడు మా నాయకుడు. ఆ విగ్రహం కడిగే మనిషికి నేటికీ వారపు సెలవు లేదు. అద్దాలు పెట్టుకుని చూస్తే ఆ మనిషి కనబడొచ్చు.

3. ఇక నా నేరం. ఆసుపత్రి నుంచి నాయకుడు పంపిన ఆఖరి చీటీలో ఉన్నది: “నన్ను మరవండి. పని మరవకండి.” నీరసంలో మొదటి వాక్యంలో ఒక ‘క’ జారిపోయిందనుకుని, పత్రికలో వేస్తూ నేను చేర్చాను. “అయ్యా, చీటీలో అలా లేదండీ” అన్నాడు అచ్చుకి అక్షరాలు కూర్చే కంపోజిటర్. “తెలుగు నాకు నేర్పుతావా?” అన్నాను. విగ్రహం కింది రాయి మీద చెక్కిస్తూ, చోటు చాలలేదని సంఘంవారు రెండో మాట తీసేశారు. మిగిలింది: “నన్ను మరవకండి.”

అది చదివి ఆయన భార్య, మా వదిన, “ఏమయ్యా మరిదీ, పోతూ పోతూ కూడా మీ అన్నకి తన పేరే కావాల్సొచ్చిందా?” అంది. పందొమ్మిదేళ్లుగా ఆవిడ ఆ విగ్రహమున్న వీధిలో అడుగు పెట్టలేదు. మూడో ఏడే పాత ప్రూఫుల్లో చీటీ దొరికి, రెండు వాక్యాలూ కలిపి మళ్లీ చదివితే నా తప్పు తెలిసింది. నవ్వుతారని దాచాను. లోకాన్ని మార్చమని గొంతు చించుకున్నవాణ్ణి, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేకపోయాను.

4. సదరు చీటీ నా మరణానంతరం వదినకు చెందవలెను.

పై అంశం రద్దు. వదినకి డెబ్భై ఆరు. నాకు చూస్తే జలుబు కూడా లేదు. నేను పోయేదాకా ఆవిడ ఆగాలట! చీటీ ఇప్పుడే పట్టుకెళ్తున్నాను. తలుపు తీస్తే, మొదటి మాట నాదే: “తప్పు అన్నయ్యది కాదు వదినా, నాది.”

తేదీ: 11-3-2019, సోమవారం
(సంతకం) సంపాదకుడు

సాక్షులు:
ఎదురింటి దర్జీ
కింది వాటా నర్సు