చేపల పులుసు, పాలగ్లాసు, నా పేరు

జూలై 7, సోమవారం

నేను రాసినదాని కింద వేరేవాళ్ళ పేరు వేశారు.

షుగరు పరీక్షకి ముందు ఎందుకు తినకూడదో వివరంగా రెండు పేజీలు రాసింది నేను. మా ల్యాబ్ ఓనరు సత్యానందం గారు దాన్ని కరపత్రం వేయించారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. కింద మాత్రం ఆదివారం పూట వచ్చిపోయే డాక్టరు గారి పేరు, ఫొటో. ఆయన అది చదివి కూడా ఉండరు.

వెళ్ళి అడిగాను.

"నీ పేరు వేస్తే ఎవరు చదువుతారమ్మా హర్షిణీ? ఇంటింటికీ తిరిగి సూది గుచ్చే పిల్ల రాసిందంటారు" అన్నారు. ఎంతో మెత్తగా, టీ ఇప్పించి మరీ అన్నారు. ఏలూరులో గొంతు కోసేముందు టీ ఇస్తారు.

తీర్మానం: సైన్సు, వైద్యం తెలుగులో రాయడమే ఇకనుంచి నా వృత్తి. సూది గుచ్చడం తాత్కాలికం.

నియమాలు. రోజూ తెల్లారి ఐదింటికి లేచి రాయాలి. చదవకుండా ఏదీ రాయకూడదు. "ఇది తింటే అది మాయం" లాంటి చెత్త రాయకూడదు. ఎవరికీ భయపడకూడదు.

జూలై 8, మంగళవారం

ఐదింటికి లేచాను! చదవడానికి ఫోన్లో పదకొండు పరిశోధన పత్రాలు దింపుకున్నాను. టైటిళ్ళన్నీ అర్థమయ్యాయి.

బెజవాడలో ఒక హెల్త్ యాప్ వాళ్ళకి తెలుగులో రాసేవాళ్ళు కావాలట. ముందు ట్రయల్‌కి ఒక వ్యాసం ఇవ్వాలి. నచ్చితే నెల జీతం, పైగా రాసినవాళ్ళ పేరు వేస్తారట. ఎడిటర్ వినయ్ గారికి ఫోన్ చేశాను.

"మీ క్వాలిఫికేషన్ ఏంటండీ?"

"డీఎంఎల్‌టీ అండీ, ల్యాబ్ డిప్లొమా. రక్తం తీస్తాను."

"పర్లేదండీ, తెలుగు వస్తే చాలు."

తెలుగు రాకపోతే ఇంతసేపు ఏ భాషలో మాట్లాడాననుకున్నాడో. అడగలేదు. వృత్తిలో మొదటిరోజు కదా.

జూలై 9, బుధవారం

టాపిక్ దొరికింది. మా వంటింట్లోనే ఉంది.

చేపలు తిన్నరోజు పాలు తాగితే బొల్లి వస్తుందని మా అమ్మ సరోజ గట్టి నమ్మకం. మామూలు నమ్మకం కాదు. చేపలు వండిన రోజు పాల ప్యాకెట్టు, పెరుగు గిన్నె మా ఫ్రిజ్ వదిలి పక్కింటి రేహానా ఆంటీ ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోతాయి. వాళ్ళు చేపలు వండుకుంటే వాళ్ళ పాలు మా ఇంటికొస్తాయి. రెండిళ్ళలోనూ ఒకేరోజు వండితే కష్టం. అందుకని గోడమీంచి ముందే మాట్లాడుకుంటారు, "వదినా, ఈ ఆదివారం మీరా మేమా?" అని.

"రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఉంటే ఏమవుతుందమ్మా? ఫ్రిజ్‌కి బొల్లొస్తుందా?" అన్నాను.

"నీకు చదువు ఎక్కువైంది" అంది అమ్మ.

పత్రాలు చదివాను. బొల్లి అంటే ఒంట్లో రంగు తయారుచేసే కణాలమీద మన ఒళ్ళే తిరగబడటం. పులుసుకీ పాలకీ దానితో పనిలేదు. ఇంగ్లీషులో సగం అర్థమైంది. మిగతా సగం కూడా ఇదే చెప్తుందని నా నమ్మకం.

జూలై 11, శుక్రవారం

వ్యాసం అయిపోయింది. చాలా బాగుంది. నేనే రెండుసార్లు చదువుకున్నాను.

ఇవాళ డ్యూటీ కొల్లేటికోటలో. చేపల చెరువులున్న అబ్బాయిరాజు గారికి షుగరు. రక్తం తీశాక గట్టుమీద కూర్చోబెట్టి వ్యాసం మొత్తం చదివి వినిపించాను. పాపం, చెయ్యి మడిచి దూది నొక్కుకుంటూనే విన్నారు.

"చాలా బాగా రాసారండీ" అన్నారు.

"ఏం అర్థమైంది బాబాయ్ గారూ?"

"చేపలు తిని పాలు తాగకూడదని కదండీ."

"తాగొచ్చని రాశానండీ!"

"అలాగాండీ. అది కూడా బాగుందండీ."

ఈ జిల్లాలో మర్యాదకి మందు లేదు. బాగాలేదని ఒక్కరూ చెప్పరు. దారంతా బండిమీద తిట్టుకుంటూ వచ్చాను, ఆయన్ని కాదు, నన్నే. మొదటి మూడు పేజీలూ జనం ఏం నమ్ముతారో రాశాను, నిజం నాలుగో పేజీలో పెట్టాను. అప్పటికి ఆయన చెరువులో మేత వేసే పడవకేసి చూస్తున్నారు.

రేపు మార్చి రాస్తా.

జూలై 12, శనివారం

మార్చలేదు. ఉక్కపోత. పైగా వినయ్ గారికి పాతదే పంపేశాను. ఆయన "కంటెంట్ ఓకే అండీ, పర్సనల్ టచ్ కావాలి" అని మెసేజ్ పెట్టారు.

పర్సనల్ టచ్ అంటే ఏమిటో తెలుసు. నేనే తిని తాగాలి.

జూలై 13, ఆదివారం

ప్రయోగం.

మధ్యాహ్నం శీలావతి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. తర్వాత రేహానా ఆంటీ దగ్గరకెళ్ళి "ఆంటీ, పిల్లికి పాలు" అన్నాను. మాకు పిల్లి లేదు. ఆవిడకీ తెలుసు. అయినా ఇచ్చారు, మర్యాద.

మేడమీదకెళ్ళి పెద్ద గ్లాసెడు తాగేశాను. పులుసు మూకుడు ఒక చేత్తో, గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని ఫొటో. వ్యాసానికి జతచేసి పంపాను. వినయ్ గారు మూడు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

సైన్సు అంటే ఇది.

జూలై 14, సోమవారం

ఏడున్నరకి లేచాను. మొదటి నియమానికి చిన్న సవరణ: సాయంత్రం రాసినా రాసినట్టే.

సాయంత్రం కూడా రాయలేదు. మెదడు విశ్రాంతి తీసుకుంటున్నప్పుడే ఆలోచనలు కుదురుకుంటాయట, ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తులేదు. రెండో నియమం కూడా పోయింది.

జూలై 16, బుధవారం

దవడ కింద, మెడ మొదట్లో తెల్లమచ్చ.

పావలా బిళ్ళంత ఉంది. సున్నం అంటుకుందేమోనని సబ్బుతో రుద్దాను. పోలేదు.

కంగారేం లేదు. ఒక్క మనిషికి జరిగినదాన్ని రుజువంటే ఒప్పుకోరు. అది నా వ్యాసంలో నేనే రాశాను, నాలుగో పేజీలో.

జూలై 17, గురువారం

మచ్చని ఫొటోలు తీశాను. కిటికీ దగ్గర, లైటు కింద, బయట ఎండలో. ఎండలో పెద్దదిగా ఉంది.

పాలు మానేశాను. కేవలం ముందుజాగ్రత్త. టీ కూడా మానేశాను, అందులోనూ పాలుంటాయి కాబట్టి. మజ్జిగ గురించి పత్రాల్లో స్పష్టంగా లేదు, అదీ మానేశాను.

తలకి నూనె రాస్తూ అమ్మ చూసేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏం తాగావే?"

"ఏం తాగలేదమ్మా."

"పిల్లి పాలు ఎవరు తాగారు?"

ఆంటీ చెప్పేసింది. మర్యాద ఇంతవరకే.

అమ్మ ద్వారకా తిరుమల కొండకి మొక్కుకుంది. నేను పక్కన నిలబడి దణ్ణం పెట్టాను. పెద్దవాళ్ళ మాట కాదనలేక పెట్టానని రాసుకుంటున్నా. అది అబద్ధం. భయమేసి పెట్టాను. నాలుగో నియమమూ పోయింది.

తర్వాత వినయ్ గారికి ఫోన్ చేసి వ్యాసం ఆపమన్నాను. ఎందుకన్నారు. చెప్పాను. నమ్మలేదు. ఎండలో తీసిన ఫొటో పంపాను.

"అయ్యో, జాగ్రత్తండీ" అన్నారు. చాలా ఆప్యాయంగా.

జూలై 18, శుక్రవారం

స్కిన్ డాక్టరు గారి దగ్గరకి చున్నీ కప్పుకుని వెళ్ళాను. ఆవిడ చర్మాన్ని కాస్త గీకి, ఆ పొడిని మైక్రోస్కోపు కింద చూసి, "శోభి" అన్నారు.

శోభి. అంటే ఒకరకం బూజు. హెల్మెట్ పట్టీ కింద చెమట. రోజంతా కొల్లేరు గట్లమీద బండి నడిపేవాళ్ళకి ఇది రాకపోతే ఆశ్చర్యమట. బొల్లి కాదు. పాలతో సంబంధం లేదు, చేపలతో సంబంధం లేదు. పూతమందు రాశారు.

"పాలు తాగొచ్చా డాక్టరు గారూ?"

"తాగొచ్చు."

"చేపలు తిన్నరోజు?"

"తాగొచ్చమ్మా."

"మజ్జిగ?"

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మీరు ల్యాబ్‌లో పనిచేస్తానన్నారు కదూ?"

లేచి వచ్చేశాను. ఇంటికెళ్తూ దారిలో టీ తాగాను. అంత మంచి టీ ఈ ఏడాదిలో తాగలేదు.

జూలై 19, శనివారం

వ్యాసం వచ్చింది. నా పేరుతో. "హర్షిణి, ఏలూరు" అని నల్లటి అక్షరాల్లో.

దానిపైన ఈ హెడ్డింగు: "చేపలు తిని పాలు తాగిన యువతి... నాలుగు రోజులకే మెడ మీద ఏమొచ్చిందో చూడండి!"

ఒకపక్క మూకుడు, గ్లాసు పట్టుకుని నవ్వుతున్న నేను. ఇంకోపక్క ఎండలో నా మచ్చ. వ్యాసంలో ఒక్క ముక్క మార్చలేదు. అన్నీ నా మాటలే. బొల్లి రాదన్న మాట నాలుగో పేజీలో అలాగే ఉంది. అక్కడిదాకా ఎవడు వెళ్తాడు?

ఫోన్ చేశాను.

"అది శోభి అండీ! డాక్టరు చూశారు!"

"మేం బొల్లి అనలేదు కదండీ. ఏమొచ్చిందో చూడండి అన్నాం. చూస్తున్నారు. లక్ష దాటింది. ఉద్యోగం మీకే అండీ, ఆగస్టు ఒకటిన జాయినైపోండి."

తిట్టడానికి నోరు తెరిచాను. "థాంక్యూ అండీ" అని వచ్చింది.

అమ్మ ఫోను పట్టుకుని వీధంతా తిరిగింది. "మా అమ్మాయి పేరు పడింది. నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను, పాలు తాగొద్దని" అంటోంది. రెండు వాక్యాలూ ఒకే గర్వంతో.

జూలై 20, ఆదివారం

ఈ ఉదయం నా లెక్క ఇది: ముందు ఉద్యోగంలో చేరతా. లోపలికెళ్ళాక హెడ్డింగులు బాగుచేస్తా. లక్షమందిలో ఒక్కరికి కూడా నష్టం లేదు. పాలు మానితే ఎవరు చస్తారు?

పదకొండింటికి కొల్లేటికోట వెళ్ళాను, అబ్బాయిరాజు గారికి ఈ వారం రిపోర్టు ఇవ్వడానికి. ఆయన కోడలు లక్ష్మీదుర్గ గారు కుర్చీ వేసి నా మెడకేసే చూస్తున్నారు.

"తగ్గిందాండీ?" అన్నారు జాలిగా.

"అది బొల్లి కాదండీ."

"మీరు అలాగే అంటారు లెండి, ధైర్యం కోసం. మీది చదివాక మేం పిల్లలకి పాలు మాన్పించేసామండీ."

"చేపలు తిన్నరోజు కదండీ?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మా ఇంట్లో తినని రోజు ఏదండీ? చెరువులు పెట్టుకుని చేపలు లేకుండా ముద్ద ఎలా దిగుతుంది? అందుకే మొత్తానికి ఆపేసాం. చిన్నది ఏడుస్తుంది, అలవాటవుతుంది లెండి. ఈ వరసలో అందరం ఆపేసామండీ."

చిన్నదానికి రెండేళ్ళు. గుమ్మంలో కూర్చుని ఖాళీ గ్లాసు నాకుతోంది.

మా అమ్మకి పాలు దాచడానికి పక్కింటి ఫ్రిజ్ ఉంది. చేపలు ఆదివారమే. ఇక్కడ ప్రతిరోజూ ఆదివారమే. ఇది రాసేటప్పుడు నాకు తట్టలేదు. పదకొండు పత్రాల్లో ఎక్కడా లేదు.

"ఏవండీ, తాగొచ్చండీ. నేను చెప్తున్నాను" అన్నాను.

"మీరే కదండీ రాసారు" అన్నారు. నెమ్మదిగా, మర్యాదగా.

"నా మాట నమ్మకపోతే డాక్టరు గారి మాట నమ్మండి." ఫోన్లో డాక్టరు గారు శోభి అని రాసిన చీటీ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశారు. మావయ్యగారిని అడిగి చెప్తానన్నారు.

నా పేరు జనం నమ్మాలని ఏడ్చాను కదా. నమ్మారు.

జూలై 21, సోమవారం

ఐదింటికి లేచాను. అలారం అవసరం రాలేదు, నిద్రే లేదు.

తీర్మానం మళ్ళీ మొదలు. పాతవాటికి తోడు ఒక్క నియమం: నిజం మొదటి వాక్యంలోనే ఉండాలి. ఇవాళ్టి వ్యాసం మొదటి వాక్యం రాసేశాను: "చేపలు తిన్నరోజు కూడా పిల్లలకి పాలు ఇవ్వండి, బొల్లి రాదు." మొత్తం కలిపి అర పేజీ. సాయంత్రం కొల్లేటికోటలో ఇంటింటికీ తిరిగి చదువుతా. ఎలాగూ ఇంటింటికీ తిరిగే పిల్లనే.

ఉద్యోగం వద్దని వినయ్ గారికి రాశాను. పంపినదానికి నకలు ఇక్కడ ఉంచుతున్నా.

"మీ హెడ్డింగు చూసి కొల్లేటికోటలో పసిపిల్లలకి పాలు ఆపేశారు. మచ్చ నాది, ఫొటో పంపిన తెలివితక్కువతనం నాది, అబద్ధం మీది. హెడ్డింగు తీసేసి, అది శోభి అని, పాలకీ దానికీ సంబంధం లేదని అన్నిటికంటే పైన వేయండి. డాక్టరు గారి చీటీ జతచేశాను. అలా వేస్తే నా పేరు ఉంచండి. వేయనంటే వ్యాసం మొత్తం తీసేయండి, పేరుతో సహా. గురువారం సాయంత్రం ఐదింటిలోపు రెండిట్లో ఏది చేశారో నాకు రాతపూర్వకంగా జవాబు రావాలి. అయ్యో, జాగ్రత్త లాంటివి వద్దు."