పైగది గోడ, వయా చేతి తాళాలు

దేవుని సెలవు మేరకు.

సియాటిస్టా వాస్తవ్యులు, కీర్తిశేషులు జిసిస్ గరూఫాస్ పెద్ద కుమార్తె, యాభై ఏడేళ్ల పొలిక్సేనీ గరూఫా అను నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసి నోటరీకి అప్పగిస్తున్న వీలునామా ఇది. సోమవారం థెస్సలొనీకిలో నాకు ఆపరేషన్. అందుకే ఈరోజు రాస్తున్నాను. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. చెల్లెలు వయా, తమ్ముడు స్తెర్గియోస్ నా తోబుట్టువులు.

1. వియన్నాకు తోళ్లు మోసిన మా పూర్వీకుడు 1756లో కట్టించిన రాతి ఇంటిని నాన్న నా ఒక్కదాని పేరనే రాశారు. దాన్ని మ్యూజియంగా ఉంచే షరతుపై పురపాలక సంఘానికి ఇస్తున్నాను. గదులు అద్దెకివ్వరాదు. గోడకు మేకు దిగరాదు. మేడ మీద చెక్కనేలపై జోళ్లతో నడవరాదు. దేవుని పటం ముందు దీపం ఆరరాదు. నిప్పుకు భయపడే అధికారులు దాని పక్కనే కూర్చోవచ్చు.

2. ఆ ఇంటి తాళాలు, సంరక్షణ జీవితాంతం వయావి. పదకొండేళ్లుగా వచ్చినవాళ్లకు తలుపు తీసేదీ, నేల తుడిచేదీ తనే. దీనికి ఎదురుంటుందని తెలుసు. మొన్న శీతాకాలం పురపాలక సంఘం సభలో స్తెర్గియోస్ అందరి ముందే అన్నాడు: "గోడ పాడుచేసినదాని చేతికా అక్కా తాళాలు? మేకను ద్రాక్షతోటకు కాపలా పెట్టినట్టుంది." అందరూ నవ్వారు. వయా తల వంచుకుంది. నేను నోరు మెదపలేదు.

3. కాబట్టి ఇది రాయక తప్పదు. పైగది తూర్పు గోడ మీద పూర్వం రంగులతో గీసిన, ఓడలున్న ఒక నగరం చిత్రం ఉండేది. 1984లో, ఈస్టరుకు ముందు ఇంటికి సున్నం కొట్టే వారంలో, అమ్మ నాకు మెట్లూ వంటిల్లూ అప్పగించింది. పొగపట్టిన ఆ మసి గోడతో పండగ చేసుకోవడం దోషమని నాకు తోచి, చెప్పకుండా ఆ గోడకూ రెండు పూతలు వేశాను. అప్పుడు నాకు పదిహేడు నడుస్తోంది. అంచులు దిద్దమని కుంచె వయాకిచ్చి, బకెట్ కడగడానికి కిందికి దిగాను. నాన్న పైకి వెళ్లేసరికి కుంచె దాని చేతిలో ఉంది. పన్నెండేళ్ల పిల్లను బెల్టుతో కొట్టారు. నేను తిరిగి పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను. అది నా వైపు చూసింది, నా పేరు మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఆ గోడకు సున్నం వేసింది నేను.

నిరుడు వేసవిలో పాత చిత్రాలు బాగుచేసే అరెటీ అరచేతి మేర సున్నం గీకి చూసింది. కింద నీలం చెక్కుచెదరలేదు. మిగతా గోడలు పొగకు నల్లబడ్డాయి, ఇదొక్కటే సున్నం చాటున బతికిందంది. అది దేవుని దయ. దాన్ని నా తెలివిగా ఎవరూ చెప్పుకోవద్దు. తప్పు తప్పే.

4. తమ్ముడు స్తెర్గియోస్‌కు ద్రాక్షతోట, పీపాలు, ఎండద్రాక్షల వైన్ మొత్తం. ఆ రాతి ఇంట్లో పెడతానన్న అతిథిగృహాన్ని తోట గట్టున కట్టుకో నాయనా, అక్కడ నీళ్లున్నాయి. కోర్టుకు వెళతావని తెలుసు. వెళ్లు. తోబుట్టువులకు చట్టం తప్పక ఇప్పించే నిర్బంధ వాటా లేదని నోటరీ చెప్పారు. వెళ్లేముందు భోంచెయ్యి, ఖాళీ కడుపున నీకు కోపం ఎక్కువ.

5. అమ్మ నేసిన ఉన్ని దుప్పటి అరెటీకి. పనిలో ఆ పిల్ల కాళ్లు చల్లబడిపోతుంటాయి.

6. దీన్ని అమలుపరచవలసింది ఫాదర్ అంథిమోస్. నా అంత్యక్రియల తర్వాతి ఆదివారం, గుళ్లో ప్రార్థన ముగిసి జనం కదలకముందే, మూడో అంశాన్ని బిగ్గరగా చదవాలి. సంఘం పెద్దలు ముందు వరసలో ఉండాలి. నేను ప్రాణంతో తిరిగొస్తే ఫాదర్‌కు ఆ శ్రమ ఉండదు. లేచి నిలబడగలిగిన మొదటి ఆదివారం ఆ మాట నా నోటితో నేనే చెబుతాను, వయా చెయ్యి పట్టుకుని.

సియాటిస్టా, 14 మార్చి 2025, శుక్రవారం

(సం.) పొలిక్సేనీ గరూఫా

సాక్షులు:
థియోఫానిస్ బుంట్లాస్, రొట్టెల అంగడి
మరిగో జాగాలీ, విశ్రాంత ఉపాధ్యాయిని
అర్గిరిస్ నానోస్, తోళ్ల పనివారు