మేడ మీద మీ నీలం చొక్కా

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం అయింది. తేనెపెట్టెలు తెరిచేటప్పుడు మీరు వేసుకునే నీలం చొక్కాను ఏడాదిగా కవర్లో కట్టి ఉంచాను. ఈ ఉదయం తీసి, ఉతక్కుండానే హ్యాంగర్‌కి తగిలించి మేడ మీద ఎండలో పెట్టాను. తేనెటీగలను పిలవడానికి మీరు వాడే నిమ్మగడ్డి నూనె వాసన అందులో ఇంకా ఉంది.

ఈ ఫరీదాబాద్‌లో ఎక్కణ్నుంచి వచ్చిందో, మధ్యాహ్నానికి ఒక తేనెటీగల గుంపు దానిమీద వాలింది. మీరే తొడుక్కున్నట్టు భుజాలు నిండాయి. గాలికి కూడా కదలడం లేదు.

“మమ్మీ, ఖాళీ బాక్స్‌లో థోడా తేల్ వెయ్యి. డాడీ అలాగే కదా లోపలికి రప్పించేవారు,” అంది అమ్మాయి.

నిజమే. ఆ నూనె రెండు చుక్కలు వేస్తే అన్నీ పెట్టెలోకి దిగిపోతాయి. చొక్కా మళ్ళీ ఖాళీగా వేలాడుతుంది.

సీసా నా చేతిలోనే ఉందండీ. ఇంకా మూత తియ్యలేదు.