నోట్లో గులకరాయి

2006, కార్తీక ఆదివారం. పొద్దున మంచు. సైకిల్ చైనుకు నూనె పెట్టాను.

యాదగిరీ, షిఫ్టు దిగి సాయంత్రాలు నువ్వెక్కే పాల్వంచ గుట్ట బండను, నువ్వు పోయాక ఎవరూ ముట్టలేదు. ఇవాళ నీ కూతురు సరిత పట్టపగలే ఎక్కింది. నేను వెనక దారిన పైకి వెళ్లి, ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకున్నాను. ముందుకు పొడుచుకొచ్చిన రాయి కింద సరిత ఆగిపోయింది.

"దిగు బిడ్డా, ఎండకు చెయ్యి జారుతది," అన్నాను. దిగలేదు.

"ఏందే, భయమైతాందా?"

పలకలేదు. ఎడమ చెయ్యి చాచి, నీకన్నా నెమ్మదిగా పట్టు వెతుక్కుని పైకి వచ్చేసింది. నోట్లోంచి వాగు గులకరాయి తీసి, నువ్వు పేర్చిన రాళ్ల కుప్ప మీద పెట్టింది.

"రాయి నోట్లుంటే ఎట్ల మాట్లాడాలె కాకా? బాపు గిట్లనే తెచ్చేటోడంటివి గదా."

ఇంటికొచ్చి తాడు నువ్వు వేలాడదీసే కొక్కేనికే తగిలించాను. రేపటి నా షిఫ్టుకు టిఫిన్ డబ్బా కడిగి పెట్టాను.